యాభై పళ్ళ చక్రం

రెండువేల పంతొమ్మిది, తొలకరి రోజులు. కొండ మీది ఆసుపత్రికి పోయే తారురోడ్డు కొన్నేళ్ళ కిందటి వానలకే కొట్టుకుపోయింది. మిగిలింది ఒక కాలిబాట. దాని మీద మోటారు బండి పోదు. సైకిలు పోతుంది, అదీ లావు టైర్ల కొండసైకిలైతేనే. ఊళ్ళోని లాబొరేటరీకి సైకిళ్ళ మీద సీసాలు మోసే పని మాది. పొద్దున మందులు పైకి తీసుకుపోయి, మధ్యాహ్నానికి రోగుల రక్తం సీసాలు చల్లపెట్టెలో పెట్టుకుని కిందికి తేవాలి. దాన్ని కొండలైను అంటాం. కొండలైను మా బావది. ఆయన తర్వాత వరస నాది.

ఆ బాట చివర ఒక ఎత్తు ఉంది. దాని పేరు నిచ్చెన. పేరు పెట్టినవాడు అబద్ధం ఆడలేదు. నిచ్చెన గురించి మాలో మాకు ఒక కట్టుబాటు ఉంది. ఆఫీసువాళ్ళు పెట్టింది కాదు, మేమే పెట్టుకున్నది. ఏటా తొలివాన పడ్డ మర్నాడు కొండలైనువాడు నిచ్చెనని దిగకుండా ఎక్కి చూపించాలి. తర్వాతి వరసవాడు పక్కన నిలబడి చూడాలి. కాలు నేల తాకిందా, లైను చూసినవాడిది. ఇది సరదాకి పెట్టుకున్నది కాదు. ఒకప్పుడు ఒకతను అక్కడ తడిరాయి మీద కాలు ఆనించి, జారి, పెట్టెతో సహా లోయలోకి దొర్లాడు. మనిషి బతికాడు. సీసాలు బతకలేదు. జ్వరంతో ఉన్నవాళ్ళందరికీ మళ్ళీ సూది గుచ్చాల్సి వచ్చింది.

మా బావకి ఆ లైను మీద అంత పట్టుదల ఎందుకో అందరికీ తెలుసు. ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, పైన ఆసుపత్రిలో నర్సు. అక్కడే ఉంటుంది. మా అక్క పోయాక మిగిలింది ఆ తండ్రీకూతుళ్ళిద్దరే. రోజూ మందులపెట్టె దించి, ఆ పిల్ల ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఏదో ఒకదాని మీద ఆమెతో పోట్లాడి వస్తేనే ఆయనకి తెల్లారినట్టు. లైను పోతే ఊళ్ళో సందులు తిరగాలి. కూతుర్ని ఆదివారం ఆదివారం చూసుకోవాలి.

అయితే ఆయన ఎడమ మోకాలు అప్పటికే మూలుగుతోంది. కూతురు దాన్ని నొక్కి చూసి, ఈసారి నిచ్చెన దగ్గర దిగి నడువు నాన్నా, లైను మామయ్యకి ఇచ్చెయ్యి అంది. ఆయన వినే రకమా. వినడని తెలిసి తనే ఎక్కణ్ణుంచో కొత్త క్యాసెట్ ఒకటి తెప్పించి ఆయన చేతిలో పెట్టింది. వెనక చక్రం నడుమ చిన్నదాని పక్కన పెద్దది, దాని పక్కన ఇంకా పెద్దది పేర్చినట్టు ఉండే పళ్ళచక్రాల దొంతరని క్యాసెట్ అంటారు. చైను ఎంత పెద్ద చక్రం మీదికి ఎక్కితే తొక్కుడు అంత తేలిక. మా సైకిళ్ళకి ముందు, పెడల్ దగ్గర, ఉండేది ఒక్కటే చక్రం. కాబట్టి తేలికైనా బరువైనా ఆ వెనక దొంతరలోనే తేలాలి. పాత దొంతరలో అన్నిటికన్నా పెద్దదానికి నలభైరెండు పళ్ళు. కొత్తదాన్లో పెద్దదానికి యాభై. ఇది వేసుకుంటేనే ఎక్కు, లేకపోతే వద్దు అని ఆ పిల్ల మాట తీసుకుంది.

శుక్రవారం సాయంత్రం బావ ఆ దొంతర తొడిగాడు. ఆ రాత్రే తొలివాన పడింది. శనివారం నిచ్చెన ఎక్కాడు. నేను పక్కన నిలబడి చూశాను. కాలు నేల తాకలేదు.

ఆదివారం పొద్దున టీ కొట్టు నిండిపోయింది. బావ గోడవారగా బల్ల మీద కూర్చుని, ఎడమ కాలు ఎదుటి స్టూలు మీద చాపుకుని ఉన్నాడు. రాజుగారి ఠీవి అది. టీ కూడా తన దగ్గరికే తెప్పించుకున్నాడు. సైకిలు బయట స్తంభానికి ఆనించి ఉంది. కొట్టు నడిపే అక్క, పక్క షాపు దర్జీ, ఇంకా నలుగురైదుగురు చేరారు. కాసేపటికి మా మేనకోడలు కూడా కొండ దిగి నడిచొచ్చి నా పక్కన కూర్చుంది. ఎందుకొచ్చావమ్మా అంటే కథ వినడానికి అంది. ఆమెని చూసి బావ గొంతు ఒక మెట్టు పైకి లేచింది.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఆ సంగతి మీకు తెలుసు," అని మొదలుపెట్టాడు. దర్జీకి దగ్గొచ్చింది. "ఇదేం పెద్ద పని కాదు, క్యాసెట్ మార్చడం, పిల్లలు కూడా చేస్తారు. పాతది విప్పడానికి ఏదో సాధనం కావాలట, మెకానిక్ దగ్గరుంది, తెచ్చి బిగిస్తానన్నాడు పాపం, నేనొద్దన్నా, నా సైకిలు మీద పరాయి చెయ్యి పడ్డ రోజు లేదు. పాత చైను ముక్క ఒకటి కర్రకి కట్టా, చక్రానికి చుట్టా, పట్టుకుని ఒక్క గుంజు గుంజా. అంతే. బిగించిన మూత ఊడి ఎగిరి పక్కింటి డాబా మీద పడింది. వాళ్ళు పిడుగనుకుని లోపలికి పరిగెత్తారు. ఆ సద్దుకే రాత్రి వాన పడిందని నా అనుమానం, నేను పట్టుబట్టను. ఇక కొత్తది తొడిగా. ఆ పెద్ద చక్రం ఉంది చూశారూ, అన్నం తినే పళ్ళెమంత."

"మొన్న నాకు చూపించినప్పుడు టిఫిను ప్లేటంతే ఉందిగా అన్నా," అంది టీ కొట్టు అక్క.

"మొన్న నువ్వు టీ పల్చగా ఇచ్చావు, నాకు చూపించే ఓపిక లేకపోయింది. పళ్ళెమంత. పెడల్ మీద కాలు పెట్టా, తొక్కలేదు సుమా, పెట్టానంతే. కాలి బరువుకే సైకిలు బయల్దేరిపోయింది. వీధి చివరికి వెళ్ళాక గుర్తొచ్చింది, ఇంటికి తాళం వెయ్యలేదని. సరే, శనివారం పొద్దున నిచ్చెన కిందికి చేరా. ఇదిగో, మా బావమరిది, అప్పటికే మలుపులో గద్దలా నిలబడి ఉన్నాడు. ముఖం వంక చూడడు, నవ్వడు, బావా బాగున్నావా అనడు, నా కాలు వంకే చూపు. ఎప్పుడు నేల తాకుతుందా, ఎప్పుడు ఎగరేసుకుపోదామా అని. వాణ్ణి చూసి జాలేసింది. అప్పుడు పెద్ద గేరులోకి వేశా. టక్కుమంది. ఆ టక్కు పైన ఆసుపత్రిలో పడుకున్న రోగులకి వినబడింది. కావాలంటే అమ్మాయిని అడగండి."

అందరూ ఆ పిల్ల వంక చూశారు. ఆమె బిస్కెట్ టీలో ముంచుకుంటూ, చెప్పు నాన్నా, ఆ తర్వాత అంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద గేరుతో ఒక చిక్కుంది. కాళ్ళు మాత్రం కవ్వంలా గిరగిరా తిరుగుతాయి, సైకిలు మాత్రం కొత్త పెళ్ళికూతురిలా నడుస్తుంది. తొందరేం ఉండదు దానికి. ఒక నత్త నన్ను దాటిపోయింది. దాటిపోతూ వెనక్కి తిరిగి చూసింది కూడా, తోడు కావాలా అన్నట్టు. నాకేం సిగ్గు, నేను తొక్కుతూనే ఉన్నా. ఒక సాలెపురుగు నా హ్యాండిల్‌కీ పక్క పొదకీ మధ్య గూడు మొదలెట్టి, అల్లిక ముగించి, ఈగని పట్టి, భోజనం కూడా కానిచ్చింది. దాని గూడు తెగిపోతుందని భయపడ్డానా, తెగలేదు, అంత నెమ్మది. నేను దగ్గరికి వచ్చినప్పుడు పూతమీదున్న పొద, నేను పక్కకి వచ్చేసరికి కాయ కాసింది. కోసుకుని తిన్నా. గింజ ఊసేశా. నా ముందు చక్రం ఆ గింజని దాటింది, వెనక చక్రం దాటేలోపు మొలకెత్తింది."

"అన్నా," అన్నాడు దర్జీ, "ఒక కాయ కాయాలంటే నెల పడుతుంది. నువ్వు పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేశావు."

"నువ్వు గుడ్డ కొలవడమే గానీ ఇలాంటివి నీకెలా తెలుస్తాయి. ఎక్కేటప్పుడు ఎంత నెమ్మదో దిగేటప్పుడు అంత వేగం. నెల ఖర్చయింది, నెల తిరిగొచ్చింది. చెల్లుకి చెల్లు."

దర్జీ వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు. బావ ఆ సందు వదలకుండా గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. ఆయన చేతులు ఖాళీ అయ్యాయంటే అసలు కథ అప్పుడు మొదలైనట్టు.

"వేగం సంగతి వదిలెయ్యండి, బలం సంగతి చెబుతా. రోడ్డు కొట్టుకుపోయిననాడు సగం ఎత్తులో బురదలో దిగబడిన రోడ్డురోలరు ఉంది చూడండి, అప్పట్నుంచి దాన్ని కదిపినవాడు లేడు. పోతూపోతూ దీన్నీ ఒక పట్టు పడదామనిపించింది. మందులపెట్టె కట్టే తాడు విసిరా. దిగలేదు సుమా, సైకిలు మీంచే విసిరా, మా బావమరిది చూస్తున్నాడుగా. కొక్కెం వెళ్ళి దానికే తగులుకుంది. పెద్ద గేరులో ఒక్క తొక్కు. అంత రోలరూ చంటిపిల్లలా లేచి నా వెనకే వచ్చింది. కిలకిలలాడుతూ వచ్చిందంటే నమ్మరు, అందుకే ఆ మాట చెప్పను."

"రోలరు ఇప్పటికీ అక్కడే ఉందిగా అన్నా," అంది అక్క.

"మళ్ళీ తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టా. పరాయి సొత్తు మనకెందుకు."

నవ్వులు తగ్గేదాకా ఆగాడు. ఆగడం తెలిసిన మనిషి.

"ఇప్పుడు వినండి. నిచ్చెన చివరి భాగం ఎలా ఉంటుందో నాకు, మా బావమరిదికి తెలుసు, మీకు తెలీదు. అక్కడ బాట ఎంత నిటారంటే ముందు చక్రం లేచి మన నుదుటికి బొట్టు పెట్టేస్తుంది. తడిరాయి, జారుడుమట్టి. తొక్కుతున్నా. చెట్లు వెనక్కి పోతున్నాయి, రాళ్ళు వెనక్కి పోతున్నాయి. కానీ నేను పైకి పోతున్నట్టు లేదు. పక్కనున్న మబ్బు చూస్తే ఉన్నచోటే ఉంది. ఇదేం వింత అని కిందికి చూశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక టైరు రాతిని కరిచి పట్టేసింది, యాభై పళ్ళ బలమంతా నేలలోకి దిగుతోంది, సైకిలు పైకి పోవడం కాదు, కొండే కిందికి వస్తోంది. చాప చుట్టినట్టు నా చక్రం కిందికి చుట్టుకుంటూ వస్తోంది. తలెత్తితే దూరంగా ఆసుపత్రి కిటికీ. కిటికీలో మా అమ్మాయి. ముందు చీమంత కనబడింది. తర్వాత పాపాయంత. తర్వాత బడికి పోయే పిల్లంత. నేను తొక్కుతున్నకొద్దీ పెరుగుతోంది. ఆఖరికి నిలువెత్తు మనిషైంది, అప్పుడు ఆసుపత్రి గుమ్మం వచ్చి నా ముందు చక్రానికి మెల్లగా తగిలి ఆగింది. నేను నిచ్చెన ఎక్కలేదండీ, నిచ్చెనే నా దగ్గరికి నడిచొచ్చింది. ఇక కాలు కింద పెట్టే అవసరం ఏముంది? సైకిలు మీదే కూర్చుని, కిటికీలోంచి మంచినీళ్ళ గ్లాసు అందుకుని, దర్జాగా తాగి, అట్నుంచటే వెనక్కి తిరిగా."

"మా వెనక గోడ నిన్ననే బీట వేసింది. అది నీ పనేనన్నమాట," అంది అక్క.

"ఆ గోడ మీ ఆయన కట్టాడు. నా మీద పెట్టకు."

దర్జీ ఈసారి గట్టి పట్టు దొరికిందనుకున్నాడు. పొద్దున కిటికీ తీసి చూశాననీ, కొండ ఎక్కడిదక్కడే ఉందనీ అన్నాడు. బావ జాలిగా చూశాడు. దిగేటప్పుడు మళ్ళీ వెనక్కి నెట్టేశాననీ, ఆసుపత్రి చిరునామా మారిపోతే రోగులు ఎక్కడికని పోతారనీ అడిగాడు. మంచి చేసినా తప్పేనా అన్నాడు.

నేను లైను పోగొట్టుకున్నవాణ్ణి. ఆ లైను నాకూ కావాలి. అయినా కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. ఆయన కోతలు అలాంటివి. కోసేవాడు ఒక్కడే, పంట అందరిదీ.

"ఇందులో నా గొప్పేం లేదు," అని ముగించాడు బావ. "అంతా ఆ యాభై పళ్ళది. మా అమ్మాయి తెప్పించిన గేరు అది. ఈ కాళ్ళు ఊరికే దాని వెంట వెళ్ళాయి. మోకాలికి తెలియను కూడా తెలియలేదు."

మా మేనకోడలు చేతులు దులుపుకుని లేచింది. బయటికి వెళ్ళి సైకిలు దగ్గర గొంతుక్కూర్చుంది. రోగిని చూసినట్టే చూసింది, పైనుంచి కిందికి, తొందర లేకుండా. దొంతరలో ఒక్కో చక్రం అంచునీ వేలితో తడిమి, వేలు వంక చూసుకుంది. వేలికి చైను నూనె నల్లగా అంటింది. అన్నిటికన్నా పెద్దదాన్ని తడిమింది. వేలికి ఎండిన బురద తప్ప ఏమీ రాలేదు.

"నాన్నా," అంది అక్కణ్ణుంచే, "దీనికి నూనె మరకే లేదు."

"మంచి సరుకు. మరక పట్టదు," అన్నాడు బావ.

ఆమె నన్ను రమ్మంది. సీటు పట్టుకుని వెనక చక్రం లేపమంది. లేపాను. ఆమె చేత్తో పెడల్ తిప్పుతూ గేరు మీట నొక్కింది. చైను టిక్కుటిక్కుమంటూ ఒక్కో చక్రం ఎక్కుతూ వచ్చింది, పెద్దదానికి ముందుదాని దగ్గర ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అక్కడే. చైనుని జరిపి గేరు మార్చే ఇనపచెయ్యి అంతకు మించి జరగకుండా ఆపే మరమేకు ఒకటి ఉంటుంది. వంగి చూశాను. అది చివరికంటా బిగించి ఉంది. ఆ సైకిలు మీద పరాయి చెయ్యి పడదు. ఆ మాట ఆయనే అన్నాడు.

అప్పుడు చైను చూశాను. పాతదే. పాత పొడవే. నలభైరెండు పళ్ళకి సరిగ్గా సరిపోయే పొడవు. యాభై పళ్ళ మీదికి పోవాలంటే ఇంకో రెండు లింకులు కలపాలి. కలపకుండా ఎక్కిస్తే ఆ ఇనపచెయ్యి విరిగి చక్రంలో పడుతుంది. సీసాలు మోసేవాళ్ళలో ఇది తెలియనివాడు ఉండడు. కానీ కొత్త దొంతర చేతికొచ్చిన సంబరంలో చైను సంగతి ఎవరికి గుర్తుంటుంది. తొడిగాక తెలిసి ఉంటుంది. అప్పటికి మెకానిక్‌ని వద్దని పంపేశాడు. మళ్ళీ వెళ్ళి అతన్ని లింకులు అడగడం మా బావ చేసే పని కాదు. రాత్రి వాన పడింది. తెల్లారితే నిచ్చెన.

"దీనికి ముందుదానికి ఎన్ని పళ్ళు మామయ్యా?" అని అడిగింది మేనకోడలు.

లెక్కపెట్టక్కర్లేదు. నలభైరెండు అన్నాను. పాత దొంతరలో పెద్దదానికీ అన్నే. అంటే పోయిన ఏడు ఎంత బరువు తొక్కాడో ఈ ఏడూ అంతే బరువు, ఇంకో ఏడాది అరిగిన మోకాలితో.

దర్జీకి ఇదంతా సగమే అర్థమైంది. అర్థమైన సగం చాలనుకున్నాడు. "అయితే కొండ కిందికి రాలేదన్నమాట అన్నా."

"రాకేం," అన్నాడు బావ. "నలభైరెండుకే వచ్చింది. యాభై వేసి ఉంటే ఊరు దాటి పోయేది. అందుకే వెయ్యలేదు."

కొట్టంతా గొల్లుమంది. అక్క చేతిలో టీ తొణికింది. ఆ నవ్వుల్లో దర్జీ ఇంకో మాట వదిలాడు, పెద్ద గేరు లేకుండా ఈ వయసులో ఎవరెక్కుతారు, దిగి నెట్టుకుంటూ పోయి ఉంటాడు అని. బావ ముఖంలో నవ్వు ఆగింది. మిగతావాళ్ళు నా వంక తిరిగారు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. దిగాడు అంటే లైను నాది.

"మామయ్యా, నువ్వు చెప్పు," అంది మేనకోడలు. "కాలు పెట్టాడా?"

"నేను గేరు చూడలేదు, కాలే చూశాను," అన్నాను. "కింద నుంచి పైదాకా ఒక్కచోట కూడా నేల తాకలేదు. చివరి రాళ్ళ దగ్గర సైకిలు నిలబడిపోయింది. పడతాడనుకున్నాను. హ్యాండిల్ మీదికి వంగి, ఆ ఎడమ కాలితోనే తొక్కి లేపాడు. అలాంటి తొక్కుడు నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు."

దర్జీ లేచి నిలబడి అన్నా అని చేతులు జోడించాడు, సగం వేళాకోళంగా, సగం నిజంగా. బావ దాన్ని మొత్తం నిజంగానే పుచ్చుకుని తల ఊపాడు.

మా మేనకోడలు నవ్వలేదు. లోపలికి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"నిన్న లోపలికి రాలేదు నువ్వు. రోజూ వచ్చి కూర్చుని పోట్లాడేవాడివి, నిన్న సైకిలు దిగలేదు. నీళ్ళు కిటికీలోంచి తీసుకున్నావు. అందుకే వచ్చాను. ఒకసారి లేచి నిలబడు నాన్నా."

"టీ తాగాక."

"గ్లాసు ఖాళీగానే ఉంది."

అప్పుడు అందరం ఆ స్టూలు వంక చూశాం. పొద్దుటి నుంచి ఆ కాలు అక్కడే ఉంది. మేం రాజుగారి ఠీవి అనుకున్నాం. ఆమె వంగి ఆయన ప్యాంటు అంచు పైకి మడిచింది. మోకాలు మోకాలిలా లేదు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేనకోడలు రెండు చేతులతో మెల్లగా వంచబోయింది. అది వంగలేదు.

బావ ఆమె తల మీద చెయ్యి వేశాడు. "గేరు మంచిదే తల్లీ," అన్నాడు. "చాలా మంచి గేరు." తర్వాత దర్జీ వైపు తిరిగి, ఇందాక నత్త సంగతి పూర్తిగా చెప్పలేదు, ఆ నత్త పైకి చేరాక ఏం చేసిందో తెలుసా అని మొదలుపెట్టాడు. కూతురు మోకాలికి గుడ్డ చుడుతున్నంతసేపూ చెబుతూనే ఉన్నాడు. మధ్యలో ఒకటి రెండు చోట్ల ఊపిరి బిగపట్టి ఆగాడు. మేం కథ కోసం ఆగాడనే అనుకున్నట్టు, ఊఁ, ఆ తర్వాత అన్నాం.

కట్టుబాటు ప్రకారం ఆ ఏడు కొండలైను ఆయనదే. ఆయన తరఫున నేను ఎక్కాను, ఆయన సైకిలు మీదే, చైనుకి రెండు లింకులు కలిపి. యాభై పళ్ళ చక్రం నిజంగా తేలిక. చివరి రాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడల్లా చైనుని ఒక్కసారి నలభైరెండు మీదికి దించి చూస్తాను. ఒక తొక్కు కూడా పడదు. మళ్ళీ యాభైకి వేసుకుంటాను.

మేనకోడలు ఆదివారాలు దిగి వస్తుంది. బావ ఆ కథ ఇప్పటికీ చెబుతాడు. రోలర్లు రెండయ్యాయి. ఆయన ఎడమ మోకాలు సగం దాకానే వంగుతుంది. ఆ శనివారం తర్వాత ఆయన సైకిలు ఎక్కలేదు.